ఆకుపచ్చ నీళ్లకు యూవీ లైటు: రెండేళ్లకు పైగా వాడాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్పేస్తాను. అక్వేరియంలో నీళ్లు ఆకుపచ్చగా మారి, వెనక అద్దం దగ్గరున్న చేప కనిపించకుండా పోతోందంటే యూవీ (అతినీలలోహిత) లైటు పనిచేస్తుంది, అనుమానం అక్కర్లేదు. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నా, అద్దాలకు నాచు పట్టినా మాత్రం దీనికి డబ్బులు పెట్టకండి. షాపువాళ్లు ఈ మూడింటికీ ఇదే మందని అమ్ముతున్నారు కాబట్టి ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. మూడడుగుల ట్యాంకు, నీళ్లు సుమారు 110 లీటర్లు, అందులో నాలుగు గోల్డ్ ఫిష్‌లు. హాల్లో బాల్కనీ తలుపుకు ఎదురుగా తప్ప దాన్ని పెట్టడానికి వేరే చోటు లేదు. మధ్యాహ్నం దాటిన దగ్గర్నుంచి ఎండ తిన్నగా దానిమీదే పడుతుంది. గోల్డ్ ఫిష్‌లు తినేదీ ఎక్కువే, వదిలే వ్యర్థాలూ ఎక్కువే. ఎండా ఎరువూ రెండూ పుష్కలంగా దొరికాక నీళ్లు పచ్చబడక ఏమవుతాయి? సగం నీళ్లు తీసి కొత్తవి పోస్తే రంగు కాస్త పలచబడేది, రెండు మూడు రోజుల్లో మళ్లీ మామూలే. ఈ రంగు నీళ్లలో తేలుతూ బతికే ఏకకణ శైవలాల (ఆల్గే) వల్ల వస్తుంది. ఒక్కో కణం కొన్ని మైక్రాన్లే ఉంటుంది కాబట్టి స్పాంజి ఫిల్టర్ వాటిని ఆపలేదు. మిగిలిన సగం నీళ్లలో ఉన్నవే రెట్టింపై, ఆపైన మళ్లీ రెట్టింపై ట్యాంకు నిండిపోతుంది.

కైకలూరు దగ్గర చేపల చెరువులున్న మా మామయ్య ఒకసారి ఇంటికొచ్చి చూసి, "ఈ రంగు తెప్పించడానికి మేం పేడా సూపర్ ఫాస్ఫేటూ బస్తాలకు బస్తాలు పోస్తాం. నువ్వేంట్రా, డబ్బులిచ్చి మరీ పోగొట్టుకుంటానంటావు?" అని నవ్వాడు. ఆయన చెప్పింది నిజమే. చెరువులో పచ్చదనం చేపకు మేత. ఇంట్లో ట్యాంకులోనూ ఆ నీళ్ల వల్ల చేపలకు వెంటనే ప్రమాదం ఏమీ లేదు, కాకపోతే రాత్రిపూట ఆ శైవలాలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. అసలు బాధ మనదే. కొనుక్కున్న చేపలు కనపడాలిగా!

నేను తీసుకున్నది ట్యాంకు లోపలే పెట్టే 9 వాట్ల రకం. నల్ల ప్లాస్టిక్ గొట్టం, అడుగున చిన్న పంపు, మధ్యలో క్వార్ట్జ్ గాజు తొడుగులో యూవీ-సీ ల్యాంపు. పంపు లాక్కున్న నీళ్లు ల్యాంపు పక్కనుంచి పోతున్నప్పుడు 254 నానోమీటర్ల కిరణాలు శైవలాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, దాంతో అవి ఇక పెరగలేవు. నీళ్లు ఎంత నెమ్మదిగా పోతే అంత మంచిది. పెద్ద పంపున్న మోడల్ మేలనుకుంటాం గానీ ఇక్కడ అది తిరకాసు. మొదటి రెండు రోజులు ఏ మార్పూ కనపడదు. తర్వాత పచ్చదనం పోయి ఒకరకం బూడిద రంగు వస్తుంది, చచ్చిన శైవలం అది. అప్పుడు ఫిల్టర్ స్పాంజి తరచూ పిండాలి, ఎయిర్ పంపు ఆపకూడదు. వారం తిరిగేసరికి మా ట్యాంకు వెనక గోడమీది క్యాలెండర్‌లో తేదీలు చదవగలిగాం.

ఇక మాన్యువల్‌లో ఒక్క ముక్క కూడా లేని సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో మంజీరా నీళ్లు కొద్దిసేపే వస్తాయి, మిగతాదంతా బోరే. ఆ ఉప్పు నీళ్లకు క్వార్ట్జ్ తొడుగు మీద తెల్లటి సున్నం పొర కడుతుంది, గీజర్ కాయిల్‌కు పట్టేది కూడా ఇదే. ల్యాంపు వెలుగుతూనే ఉంటుంది, గొట్టానికున్న చిన్న కిటికీలోంచి నీలం కాంతి కనపడుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం మళ్లీ పచ్చబడతాయి. ఆ నీలం కాంతి పని చేసే కిరణం కాదు, పని చేసేది కంటికి కనపడదు. పొర అడ్డుపడితే అది నీళ్లదాకా చేరదు. నెలకోసారి ప్లగ్గు తీసేసి, తొడుగును వెనిగర్‌లో కాసేపు నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు, నిమ్మరసమైనా సరే. రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూశాకే మళ్లీ నీళ్లలో దించాలి. లోపలికి చెమ్మ పోతే ల్యాంపు పోవడంతో ఆగదు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

ల్యాంపు విషయమూ అంతే. మామూలుగా 8,000 గంటల తర్వాత, వెలుగుతున్నా సరే, కిరణాల బలం బాగా తగ్గిపోతుంది. రోజంతా వేస్తే అది ఏడాది కూడా రాదు. నేను నీళ్లు తేటపడ్డాక టైమర్ పెట్టి రోజుకు ఎనిమిది గంటలే వేస్తున్నాను. కరెంటు బిల్లుకు పంపుతో కలిపి నెలకు మూడు యూనిట్ల లోపే. కొనేటప్పుడు ల్యాంపు విడిగా మార్చుకునే మోడలేనా అని అడగండి. నాదాంట్లో రెండు పిన్నుల జి23 ల్యాంపు, బయట సులభంగానే దొరికింది. ల్యాంపు మార్చే వీల్లేని చిన్న మోడళ్లు ల్యాంపు పోగానే చెత్తబుట్టలోకే. పెట్టె మీద యూవీ-సీ అని గానీ 254 నానోమీటర్లు అని గానీ రాసి ఉండాలి, ఉత్త నీలం ఎల్‌ఈడీతో శైవలం చావదు. వెలుగుతున్న ల్యాంపును బయటికి తీసి చూడొద్దు, కళ్లకూ చర్మానికీ హాని.

నచ్చనివీ ఉన్నాయి. అద్దానికి అంటించే రబ్బరు కప్పులు మొదటి వేసవికే గట్టిపడి ఊడిపోయాయి. పంపు రాత్రిపూట సన్నగా గుయ్యిమంటుంది. అందంగా అమర్చుకున్న ట్యాంకులో ఆ నల్ల గొట్టం దిష్టిబొమ్మే.

తెల్ల మసక సంగతి వేరు. కొత్త ట్యాంకులోనో, మేత ఎక్కువైనచోటో బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వస్తుంది. మా ఆఫీసులో ఒకాయన దానికి యూవీ కొన్నాడు, మసక కొంచెం తగ్గింది, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం, అమ్మోనియా, అలాగే ఉంది మరి. దానికి మేత తగ్గించి, రోజూ కొద్దికొద్దిగా నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో ఆ అమ్మోనియాను తగ్గించే మంచి బాక్టీరియా నిలబడేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాల్సిందే. ఫిల్టర్‌ను క్లోరిన్ ఉన్న కుళాయి కింద కడిగితే ఆ బాక్టీరియా పోతుంది, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. యూవీ మంచి బాక్టీరియాను కూడా చంపేస్తుందని భయపెడతారు గానీ, అది స్పాంజినీ గులకరాళ్లనీ అంటిపెట్టుకుని ఉంటుంది, ల్యాంపు దాకా రాదు. జబ్బు చేసిన చేపలకు మందు వేసినప్పుడు మాత్రం లైటు ఆపేయండి. కొన్ని మందులు ఈ కిరణాలకు విరిగిపోతాయి.

లైటుకు ముందు దుప్పటి కప్పి నాలుగు రోజులు చీకట్లో ఉంచడం కూడా చేశాను. నీళ్లు తేటపడ్డాయి, ఎండ తగలగానే రంగు మళ్లీ వచ్చింది. సీసాల్లో అమ్మే క్లారిఫైయర్ మన పాతకాలపు చిల్లగింజ చేసే పనే చేస్తుంది, సన్న కణాలను ముద్దగా చేస్తే ఫిల్టర్ పట్టుకుంటుంది. అప్పటికి బాగుంటుంది, ఎరువు లోపలే ఉంది కాబట్టి ఎక్కువ కాలం నిలవదు. పటిక జోలికి మాత్రం పోవద్దు, పీహెచ్ పడిపోతుంది. లైటు పక్కన నాకు నిజంగా తోడు నిలిచింది మనీప్లాంటే. వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేలా వేలాడదీస్తే శైవలాలకు ఎరువయ్యే నైట్రేట్‌ను లాగేసుకుంటుంది, ఖర్చూ లేదు.

ట్యాంకును ఎండ పడని గోడకు జరపగలిగితే, ట్యాంకు లైటు రోజుకు ఆరేడు గంటలకు మించకుండా చూసుకోగలిగితే ముందు అది చేయండి. మాలా జరిపే దారి లేనివాళ్లకు రెండు వేల లోపు ఖర్చుకు ఇది న్యాయమే. కొనేవాళ్లు స్పేర్ ల్యాంపు కూడా అప్పుడే తీసుకోండి.