వేడినీళ్ల పైపుకి ఫోమ్ తొడుగా, రబ్బరు తొడుగా?

గీజర్ నుంచి బాత్రూమ్ దాకా పైపు బయటికే ఉంటే, దారిలోనే నీళ్లు చల్లబడిపోతాయి. తొడుగు వేస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఇళ్లలో ఎక్కువగా వాడేవి రెండు: పాలిథిలీన్ ఫోమ్, నైట్రైల్ రబ్బరు.

మందం ఒకటే అయితే వేడిని ఆపడంలో రెంటికీ పెద్ద తేడా లేదు. ఫోమ్ చవక, తేలిక. పొడవునా చీలిక ఉంటుంది కాబట్టి తిన్నటి పైపుకి నిమిషాల్లో తొడిగేయొచ్చు. చిక్కంతా మలుపుల దగ్గరే. ఎల్బో దగ్గర దాన్ని 45 డిగ్రీల కోణంలో కోసి అతికించాలి. వంచి సరిపెడితే బయటివైపు నోరు తెరుచుకుని, వేడి అక్కడి నుంచే పోతుంది. రబ్బరు మాత్రం మెత్తగా వంగి పైపుని పట్టుకుంటుంది. వేడికీ కాస్త ఎక్కువ ఓరుస్తుంది. అందుకే సోలార్ హీటర్ పైపులకి నేను రబ్బరే వేయమంటాను, అదీ ఆ వేడికి తగిన రకం చూసి. ఎండకి మాత్రం రెండూ పాడవుతాయి; డాబా మీద పైన రక్షణ పూత గానీ, అల్యూమినియం చుట్టు గానీ తప్పనిసరి.

ఇంటి లోపల తిన్నటి పైపులకి ఫోమ్ చాలు, రబ్బరుకి డబ్బు పోయనక్కర్లేదు. ఏది కొన్నా పైపు బయటి వ్యాసం కొలిచి తీసుకోండి. వదులైతే లోపల గాలి ఆడుతుంది. గ్యాస్ గీజర్ అయితే పొగగొట్టానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలోనే తొడుగు ఆపేయాలి.