ఆదివాసీ ఉద్యోగి నిలబడాలంటే: సొంత ప్రాంతంలో పోస్టింగా, నగరంలో ఉద్యోగమా?

ఆదివాసీ ప్రాంతాలైన పాడేరు, ఉట్నూరు వైపు నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లు ఏడాది తిరక్కుండానే మానేస్తే ఆఫీసుల్లో వినిపించే మాట ఒకటే: "వాళ్లకు ఇక్కడ మనసు నిలవదు." ఈ మాట నాకు మింగుడుపడదు. మనసు సంగతి తర్వాత. ఆ మనిషి అడిగినప్పుడు సెలవు దొరికిందా, కష్టం వస్తే చెప్పుకోవడానికి పక్కన ఎవరైనా ఉన్నారా, పై మెట్టు ఎక్కే దారి ఉందా? ఏ పద్ధతి మేలో తేల్చుకోవడానికి నేను చూసేవి ఈ మూడే.

సొంత ప్రాంతంలోనే పోస్టింగ్ ఇవ్వడం ఒక పద్ధతి. దీన్ని ప్రభుత్వమే పెద్ద ఎత్తున చేసి చూసింది. ఏజెన్సీ బడులకు టీచర్లు సరిగ్గా రావడం లేదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరిలో జీవో నంబరు 3 తెచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను మాత్రం కదపలేదు. జీవో పోయినా దాని వెనకున్న ఆలోచనలో బలం ఉంది. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే పాపకు బళ్లో కువి తెలిసిన టీచరమ్మ ఉంటే ఇద్దరికీ మేలే. ఆ టీచరమ్మకు ఇల్లు, పొలం, అమ్మానాన్న అంతా దగ్గరే, వదిలి వెళ్లాల్సిన అవసరమే రాదు.

దీని లోపం ఎదుగుదల దగ్గర బయటపడుతుంది. ముఖ్యంగా కాఫీ, మిరియాలు కొనే ప్రైవేటు సంస్థల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ స్థానిక కుర్రాణ్ని "భాష తెలుసు కదా" అని ఊరూరా తిప్పుతారు. పదేళ్లయినా అతను ఫీల్డ్‌లోనే ఉంటాడు. ధర ఎంతో, బడ్జెట్ ఎంతో తేల్చేవాళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని ఉంటారు. అతను ఉద్యోగం వదలడు, నిజమే. కానీ వేరే దారి లేక ఉండిపోయినవాణ్ని మనం నిలబెట్టుకున్నట్టు లెక్క వేసుకోకూడదు.

రెండో పద్ధతి నగరంలో ఉద్యోగం. జీతం కాస్త మెరుగు, నేర్చుకునేదీ ఎక్కువ. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు కాబట్టి శిక్షణ కేంద్రాల నుంచి ప్లేస్‌మెంట్ పేరుతో తలా ఒక చోట వేస్తారు. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే.

సెలవు సంగతే చూడండి. విశాఖలో ఒక షోరూంలో చేరిన అమ్మాయి చైత్రంలో ఇటుకల పండుగకు ఊరెళ్లాలి. పండుగ ఏ రోజు మొదలయ్యేదీ ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. హెచ్‌ఆర్‌కేమో నెల ముందే తేదీ కావాలి. మొదటి ఏడాది నిజం చెప్పి అడిగితే "క్యాలెండర్‌లో లేని పండుగేంటి?" అన్నారు. రెండో ఏడాది సెలవు ఫారంలో కారణం దగ్గర "జ్వరం" అని రాసింది. ఆ రికార్డు చూసినవాళ్లు ఆమెకు ఆరోగ్యం సరిగ్గా ఉండదనుకున్నారు. పండుగ పేరు రాయగలిగి ఉంటే ఇంత గొడవే లేదు. ఉట్నూరు వైపువాళ్లకు దీపావళి ముందు రోజుల తరబడి సాగే దండారి పండుగ, గోండుల్లో మెస్రం వంశీయులకు పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతర కూడా ఇలాంటివే. తేదీ ముందే చెప్పక్కర్లేని ఊరి సెలవులు ఏడాదికి నాలుగు ఇస్తే సంస్థకు పెద్ద ఖర్చేమీ కాదు. మనిషి వెళ్లిపోతే కొత్తవాళ్లకు మళ్లీ పని నేర్పడానికి అయ్యే ఖర్చే ఎక్కువ.

నగరంలోనే ఇంకో రకం ఉంది: ఒకే ప్రాంతం నుంచి నలుగురైదుగురిని ఒకే చోట తీసుకోవడం. రూము కలిసి తీసుకుంటారు, జ్వరమొస్తే చూసుకునేవాళ్లుంటారు, సాయంత్రం తమ భాషలో నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. మిగతా స్టాఫ్ వాళ్లకు "ఏజెన్సీ బ్యాచ్" అని పేరు పెట్టేస్తారన్న ఇబ్బంది లేకపోలేదు. వాళ్లలో ఒకరికి అవమానం జరిగితే అందరూ ఒకేసారి బ్యాగులు సర్దుకుంటారు కూడా. అలా వెళ్లిపోవడాన్ని యాజమాన్యాలు మూకుమ్మడి తలనొప్పి అంటాయి. నాకది మంచి లక్షణంగానే కనిపిస్తుంది. ఒంటరిగా ఉన్న మనిషి చెప్పకుండా వెళ్లిపోతే కారణం ఎవరూ అడగరు, నలుగురు ఒకేసారి వెళ్తే మేనేజరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

నన్నడిగితే, తలా ఒక చోట వేయడం అన్నిటికన్నా నాసిరకం. జీతం రెండు వేలు ఎక్కువిచ్చినా నేను దాన్ని సిఫారసు చేయను. పెళ్లయి పిల్లలున్నవాళ్లకు, బడి, వైద్యం, వ్యవసాయం లాంటి పనులకు సొంత ప్రాంతమే మేలు, పై పోస్టులు కూడా పాడేరులోనో ఉట్నూరులోనో పెట్టగలిగితేనే. ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లకు మాత్రం బ్యాచ్‌గా నగరానికి వెళ్లి, రెండు మూడేళ్లు పని నేర్చుకుని, కావాలంటే అదే సంస్థలో ఊరి వైపు బదిలీ అడగగలిగే ఏర్పాటు మంచిది. ఆ బదిలీ హక్కు ఆఫర్ లెటర్‌లో రాసి ఉండాలి, నోటిమాట చాలదు.

రెండు ఆఫర్లు చేతిలో ఉన్న తమ్ముడో చెల్లెలో ఇది చదువుతుంటే, జీతం అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మా ప్రాంతం నుంచి మీ దగ్గర చేరి సూపర్‌వైజర్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకసారి వాళ్లతో మాట్లాడొచ్చా?"