లిఫ్టు వచ్చింది సరే, బండెక్కేదెట్లా?

పాలమూరు (మహబూబ్‌నగర్) రైలు లైనులో మా స్టేషన్‌కు లిఫ్టు, ర్యాంపు వచ్చి చాన్నాళ్లయింది. నాది పోలియో కాలు, చంకల కింద కర్రలు. పట్నంలో కొలువు కాబట్టి రెండింటితోనూ రోజూ పనే.

అసలు మెట్ల బాధ మొదలైందే రెండో లైనుతో. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్ 2022లో పూర్తయింది. అంతకుముందు ఎదురు బండి ఉంటే తప్ప అన్నీ ఒకటో ప్లాట్‌ఫాం మీదికే వచ్చేవి. ఆటో దిగి నేరుగా పోయి ఎక్కేవాణ్ణి. ఇప్పుడు క్రాసింగ్ కోసం పడిగాపులు తప్పాయి, కాదనను. కానీ పోయే బండి ఒక దిక్కు, వచ్చే బండి ఇంకో దిక్కు. రోజుకోసారి వంతెన దాటాల్సిందే.

లిఫ్టు నడిచినప్పుడు బంగారం. వీల్‌చైరు సులువుగా పడుతుంది, మీటల మీద బ్రెయిలీ చుక్కలు కూడా ఉన్నాయి. రాత్రి బండి దిగేసరికి మాత్రం చాలాసార్లు తాళమే.

అప్పుడిక ర్యాంపే గతి. ప్రమాణం ప్రకారం వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల నడక. కరెంటు తీగల పైనుంచి పోయే వంతెన కదా, ఆరు మీటర్లు ఎక్కాలన్నా 72 మీటర్లు నడవాలి, మలుపుల దగ్గర చదును వేరే. తోసే మనిషి ఉంటే వీల్‌చైరుకు ఇదే నయం, కరెంటుతో పనిలేదు. కర్రలవాడికి భుజాలు పడిపోతాయి. దిగేటప్పుడు ఇంకా భయం: నున్నటి టైల్స్, వాన పడితే కర్రల రబ్బరు నిలవదు. అందం కోసం వేశారేమో గానీ, గరుకు బండలు పరిచుంటే దండం పెట్టేవాణ్ణి.

ఇంతా దాటి వస్తే బండి దగ్గర మళ్లీ మెట్లే. హై లెవెల్ ప్లాట్‌ఫాం అంటే పట్టాల నుంచి 760–840 మిల్లీమీటర్ల ఎత్తు. బోగీ నేల దానికి దాదాపు మూరెడు పైన. మెట్రోలో లాగా సమానంగా ఉండదు. పైగా దివ్యాంగుల బోగీ ఏ కొసనో వస్తుంది, లిఫ్టేమో నడుమ. బండి ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. ఏ కొసకు వస్తుందో ముందుగా మైకులో చెప్తే చాలు, దానికి సిమెంటూ ఇసుకా అక్కర్లేదు.

కొత్తగా వచ్చేవాళ్లు ముందు లిఫ్టు తాళం ఎవరి దగ్గరుంటుందో కౌంటర్లో కనుక్కోండి. రాత్రి దిగేవాళ్లు బండిలో ఉండగానే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి చూడండి.