కౌంటూరియోటిస్, పప్పాస్: ఇద్దరు గ్రీకు అడ్మిరల్స్

పావ్లోస్ కౌంటూరియోటిస్ 1855లో హైడ్రా దీవిలో, తరతరాలుగా సముద్రాన్నే నమ్ముకున్న కుటుంబంలో పుట్టాడు. 1912 డిసెంబరులో ఒట్టోమన్ (తుర్కీ) సామ్రాజ్యంతో జరిగిన ఎల్లీ నౌకాయుద్ధంలో మిగతా నౌకలు వేగంలో వెనకబడుతుంటే వాటి కోసం ఆగలేదు. తన అవెరోఫ్ నౌక ఒక్కదాన్నే ముందుకు దూకించి, ఒట్టోమన్ నౌకల వరుస ముందు దాన్ని అడ్డంగా నడిపాడు. శత్రువు డార్డనెల్స్ జలసంధిలోకి వెనుదిరిగాడు. మరుసటి నెల లెమ్నోస్ దీవి దగ్గర మళ్లీ గెలవడంతో ఏజియన్ సముద్రం గ్రీకుల చేతికొచ్చింది. తర్వాత ఆయన దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు.

నికోలావోస్ పప్పాస్ పేరు నిలిచింది మాత్రం యుద్ధం వల్ల కాదు. 1973లో గ్రీస్ సైనిక నియంతల పాలనలో ఉంది. తోటి నౌకాధికారులను అరెస్టు చేశారని తెలియగానే, నాటో విన్యాసాల్లో ఉన్న తన యుద్ధనౌక (డిస్ట్రాయర్) వెలోస్‌ను మే 25న పక్కకు తప్పించి, ఇటలీలో ఫ్యుమిచీనో దగ్గర లంగరు వేశాడు. కొందరు అధికారులు ఒడ్డుకెళ్లి విదేశీ పత్రికలకు ఫోన్ చేసి నియంతృత్వం సంగతి చెప్పారు. పప్పాస్‌తో సహా 31 మంది అక్కడే ఆశ్రయం కోరారు.

ఇద్దరిదీ ధైర్యమే, అయినా నాకు పప్పాస్ నిర్ణయమే ఎక్కువ కష్టమైనదనిపిస్తుంది. కౌంటూరియోటిస్ వెనక ప్రభుత్వం, ప్రజలు ఉన్నారు. పప్పాస్‌కు ఎదురుగా ఉన్నది సొంత ప్రభుత్వమే; ఉద్యోగం, పౌరసత్వం, ఇంటివాళ్ల క్షేమం అన్నీ పణంగా పెట్టాలి. 1974లో నియంతృత్వం కూలాక ఆయన తిరిగి నౌకాదళంలో చేరాడు, 1982లో దాని అధిపతి అయ్యాడు. అవెరోఫ్, వెలోస్ రెండూ ఇప్పుడు మ్యూజియం నౌకలు.