నెల్లూరు చూడ్డానికి వచ్చే చుట్టాల కోసం కొన్న ఆరు పుస్తకాలు, వాటిలో పనికొచ్చినవి

ముందే చెప్పేస్తున్నా, నేను చరిత్ర మాస్టారిని కాను. నెల్లూరులో ఉద్యోగం, సొంతూరు కందుకూరు పక్కన పల్లె, పుస్తకాల పిచ్చి కొంచెం ఉంది, అంతే. మా పిన్ని కూతురు, వాళ్లాయన, ఇద్దరు పిల్లలు పూణేలో ఉంటారు. సంక్రాంతికి నాలుగు రోజులు వస్తున్నామని, ఈసారి ఇంట్లో కూర్చుని అరిసెలు తిని పోవడం కాదు, ఉదయగిరి కోట, భైరవకోన గుహలు, మోటుపల్లి పాత రేవు అన్నీ తిరగాలని మా బావ పట్టుబట్టాడు. "బావా, వచ్చేలోపు చదువుకోవడానికి మంచి పుస్తకాలు చూసి పంపు, డబ్బులు నేనిస్తా" అన్నాడు. డబ్బులు నేనిస్తా అనే మాట ఆయన నోట వినడం పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఇదే మొదటిసారి, అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని వెతికాను. నెల రోజుల్లో ఆరు కొన్నాను, పూణేకి పంపింది మూడు. ఇంకెవరైనా ఇలాగే మా వైపు వచ్చేముందు ఏదైనా చదవాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా.

మొదట కొట్టు సంగతి. ట్రంకురోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో పాత పుస్తకాల కొట్టు ఉంది, బోర్డు కూడా సరిగా కనపడదు. ముందంతా డీఎస్సీ గైడ్లు, ఇంటర్ మెటీరియల్, ఇంగ్లిష్ నవలలు. చరిత్ర పుస్తకాలు కావాలంటే వెనక్కి పోయి ప్లాస్టిక్ పట్టా ఎత్తి చూసుకోవాలి, తుమ్ములు మీ ఖాతాలోనే. విషయం ప్రకారం కాదు, సైజు ప్రకారం పేర్చి ఉంటాయి, పెద్దవి కింద, చిన్నవి పైన. అయినా నాకు ఆ కొట్టే నచ్చింది, ఎందుకంటే గంటసేపు నిలబడి చదివినా ఓనరు ఏమీ అనడు, బేరమాడితే పదో ఇరవయ్యో తగ్గిస్తాడు, పైగా అడగాల్సిన ప్రశ్న అడుగుతాడు. నేను పోయి "నెల్లూరు జిల్లా చరిత్ర ఏదన్నా ఉందా" అంటే తల కూడా ఎత్తకుండా "ఏ నెల్లూరు జిల్లా సార్, ఇప్పటిదా, పాతదా?" అన్నాడు.

అప్పుడు నవ్వాను గానీ అసలు కిటుకంతా ఆ మాటలోనే ఉంది. మా వైపు జిల్లాలు ఒకచోట నిలబడలేదు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, గుంటూరు జిల్లా కొత్తగా పెట్టినప్పుడు అందులో కలిపారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, రెండేళ్లకు దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. మా కందుకూరు అలా నెల్లూరు నుంచి ఒంగోలుకు పోయింది, 2022లో మళ్లీ నెల్లూరుకు వచ్చింది, ఆ తర్వాత కూడా ఆ గోల ఆగలేదు. మా నాయన ఉన్న ఇల్లు కదలకుండానే జిల్లాలు మారాడు. అంటే అట్ట మీద జిల్లా పేరు చూసి పుస్తకం కొంటే, మీకు కావాల్సిన ఊరు అందులో ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఒంగోలు, కనిగిరి, పొదిలి, దర్శి పాత సంగతులు కావాలంటే నెల్లూరు పేరుతో ఉన్న పుస్తకాల్లో చూడాలి, మార్కాపురం వైపు సంగతులకు కర్నూలు పుస్తకాలు తీయాలి, మోటుపల్లి అయితే బాపట్ల తాలూకా కింద వెతకాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు రెండు ఆదివారాలు మిగిలేవి.

డబ్బులు పోయిన వాటిలో మొదటిది ఎనభై రూపాయల టూరిస్టు బుక్‌లెట్. ఇది ఆ కొట్టులో కాదు, వేరేచోట కొన్నాను. నిగనిగలాడే అట్ట, రంగు ఫొటోలు, వెనక లాడ్జీల ప్రకటనలు. నేను ఏ పుస్తకానికైనా ఒకటే పరీక్ష పెడతా, నాకు బాగా తెలిసిన ఊరి పేజీ తీసి చదువుతా. అక్కడే తప్పులుంటే తెలియని ఊళ్ల గురించి చెప్పింది ఏం నమ్ముతాం? ఇందులో మహాభారతం మొత్తం తిక్కనే రాశాడని ఉంది. తిక్కన రాసింది విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలని, అంతకుముందువి నన్నయవని, నన్నయ వదిలేసిన అరణ్యపర్వం మిగతా భాగాన్ని ఎర్రన పూర్తి చేశాడని బడికి పోయే పిల్లోడు కూడా చెబుతాడు. ఎర్రనది మా కందుకూరు పక్కన గుడ్లూరే కాబట్టి నాకు కోపం కొంచెం ఎక్కువే వచ్చింది. భైరవకోన గుహలు బౌద్ధులవని కూడా రాశారు. ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చేస్తే, లోపల లింగాలు ఎదురుగా కనపడుతుంటే బౌద్ధులవట! రాసినాయన కోనకు పోలేదని అక్కడే తెలిసిపోయింది. మా పాప ఫొటోలు కత్తిరించుకుని ప్రాజెక్టుకు అంటించుకుంది, ఆ మాత్రం పనికొచ్చింది.

రెండో దెబ్బ పెద్దది. బాస్వెల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1873లో నెల్లూరు జిల్లా మాన్యువల్ అని ఇంగ్లిష్‌లో ఒక లావుపాటి పుస్తకం వేశాడు. ఆన్‌లైన్‌లో గట్టి అట్ట రీప్రింటు కనపడితే 1,350 పెట్టి తెప్పించాను. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అలాగే అచ్చు కొట్టిన సరుకు అది. మడతపెట్టి ఉండే మ్యాపుల్ని విప్పకుండా మడతతోనే స్కాన్ చేశారు, కొన్ని పేజీల్లో కింద రెండు లైన్లు ఎగిరిపోయాయి, ఒకచోట స్కాన్ చేసినవాడి బొటనవేలు కూడా అచ్చయింది. వెనక్కి తీసుకోమంటే గడువు దాటిందన్నారు. ఆ తర్వాత చూస్తే అదే పుస్తకం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా ఉంది, అచ్చు కూడా ఇంతకంటే నయం. కాబట్టి వందేళ్లు దాటిన ఇంగ్లిష్ పుస్తకం ఏదైనా కొనేముందు అక్కడ ఒకసారి వెతకండి. పుస్తకం మాటకొస్తే, చెరువులు, శిస్తులు, జమీందార్లు ఇలాంటివాటికి బాగుంటుంది గానీ, జనం గురించి రాసిన చోట్ల పాలించేవాడి చూపు తెలిసిపోతూ ఉంటుంది. యాత్రకు వచ్చేవాళ్లకు ఇది అనవసరం అని నా అభిప్రాయం.

అదే సైటులో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ఇద్దరూ కలిసి 1905లో వేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడు దొరికాయి. పైసా ఖర్చు లేదు. ఇది మాత్రం అద్భుతం. తాలూకాల వారీగా, ఊళ్ల వారీగా రాతి శాసనాలు, రాగిరేకులు ఇచ్చారు, పక్కన ఇంగ్లిష్ అర్థం. అచ్చయ్యేనాటికి ఒంగోలు గుంటూరులో కలిసిపోయినా ఇందులో ఒంగోలు తాలూకా ఉంది, అదృష్టం. అలాగని మొదటి పేజీ నుంచి చదవడానికి కూర్చోకండి, నిద్ర పడుతుంది. రేపు ఏ ఊరు పోతున్నామో ఈ రాత్రి ఆ ఊరి పేరు మాత్రం వెతుక్కోండి. గుడి ముందు చెప్పులు వదిలే చోట పడున్న బండ మీద అక్షరాలు ఎవరు ఎందుకు చెక్కించారో తెలిస్తే, అది బండలా కనపడదు.

పూణేకి పంపిన మూడింటిలో మొదటిది మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డి రాజ్యాల చరిత్ర, 1948 నాటి ఇంగ్లిష్ పుస్తకం. పాత కొట్టులోనే దొరికింది, అట్ట లేదు, పేజీలన్నీ ఉన్నాయి. అద్దంకిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి, ఆయన దగ్గర ఎర్రన, ఆ తర్వాత రాజధాని కొండవీడుకు మారడం, అన్నీ ఆధారాలతో ఉంటాయి. అయితే తేలిగ్గా సాగే పుస్తకం కాదు. వారం తర్వాత ఎంతవరకు చదివావు బావా అంటే "నలభై పేజీలు, నాలుగు నిద్రలు" అన్నాడు.

రెండోది టంగుటూరి ప్రకాశం పంతులుగారి నా జీవిత యాత్ర. యాత్రకు దీనికీ ఏం సంబంధం అనుకోవద్దు. వినోదరాయునిపాలెంలో పుట్టి, తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచితే, నాటకాల్లో వేషాలు వేసుకుంటూ చదువుకున్న కుర్రాడి కథ మొదటి భాగంలో ఉంటుంది. ఆనాటి ఒంగోలు ఎలా ఉండేదో చరిత్ర పుస్తకం ఏదీ ఇంత దగ్గరగా చూపించదు. తర్వాత రాజకీయాల్లోకి వెళ్తుంది, అది ఆసక్తి ఉన్నవాళ్లకు. మా చెల్లెలు మొదటి భాగం రెండు రోజుల్లో ముగించింది, పూటకూళ్ల దగ్గర ఏడ్చానని ఫోన్ చేసింది.

మూడోది ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు. కావలి రచయిత. ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లోడి కథలు, అచ్చం మా నెల్లూరు మాటల్లో. నిజం చెప్పాలంటే ఇది పంపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను, బావ అడిగింది చరిత్ర కదా, కథలు పంపితే ఏమనుకుంటాడో అని. తీరా చూస్తే ఇంట్లో అందరూ చదివింది ఇదొక్కటే. పిల్లలకు తెలుగు చదవడం రాదు, వాళ్లమ్మ రోజూ రాత్రి ఒకటి చదివి వినిపించిందట. ఇక్కడికొచ్చి రైలు దిగాక ఆ చిన్నోడు "మామా, దర్గామిట్టకు ఎప్పుడు పోదాం" అన్నాడు. నెల్లూరులో ఆ పేట ఉంది మరి. బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్లాను. రొట్టెల పండగ మొహర్రం నెలలో కాబట్టి జనం లేరు, చెరువు ఖాళీగా ఉంది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారని, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారని, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని విడివిడిగా ఉంటాయని చెబితే వాడు "పరీక్షల రొట్టె ఉంటుందా" అని అడిగాడు. ఉంటుంది, చదువు రొట్టె అంటారు అన్నాను.

ఆరోది ఏనుగుల వీరాస్వామిగారి కాశీయాత్ర చరిత్ర, ఇది నా కోసం ఉంచుకున్నా. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలల తర్వాత తిరిగొచ్చిన మనిషి, ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. ఇప్పటి టూరిస్టు బుక్‌లెట్లు వేసేవాళ్లు ముందు ఇది చదివితే బాగుండు.

ఇక తిరిగిన సంగతి క్లుప్తంగా. ఉదయగిరి కొండెక్కేముందు చెప్పాను, 1513లో మొదలైన ముట్టడి 1514లో గాని తెగలేదని, కోట ఒడిశా గజపతి రాజుల నుంచి కృష్ణదేవరాయల చేతికొచ్చాక ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడని, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉందని. సగం కొండకే ఆయాసపడి కూర్చున్న బావ "ఏడాది ముట్టడి ఎందుకు పట్టిందో ఇప్పుడర్థమైంది" అన్నాడు. కిందికొచ్చి చెక్క గరిటెలు, స్పూన్లు కొన్నారు. చందవరం బౌద్ధ స్తూపం దగ్గర మాత్రం పాత పుస్తకాలు చేతులెత్తేశాయి. అక్కడి నుంచి దొంగిలించిన శిల్పఫలకం ఆస్ట్రేలియాకు చేరడం, 2016లో వాళ్ల జాతీయ గ్యాలరీ తిరిగి ఇచ్చేయడం ఇవన్నీ పేపర్లలో చూసుకోవాల్సిందే.

మోటుపల్లి దగ్గర ఒక విచిత్రం జరిగింది. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గురించి నేను మొదలుపెట్టాను, తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లని, తను మాత్రం సుంకం తప్ప ఏమీ తీసుకోనని వర్తకులకు మాటిచ్చాడని. మధ్యలో బావ అందుకుని "ఆ తర్వాత రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా 1358లో ఇలాంటిదే ఇక్కడే ఇచ్చాడు కదా" అన్నాడు. నలభై పేజీలన్న మనిషి అక్కడిదాకా ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. దారిలో వేటపాలెం సారస్వత నికేతనం కూడా చూపించాను. 1918లో పెట్టిన లైబ్రరీ, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన భవనం, కొనే ఓపిక లేనివాళ్లు అక్కడ కూర్చుని చదువుకోవచ్చు.

పాత కొట్టుకు పోవాలంటే సాయంత్రం ఐదు తర్వాత పోండి, మధ్యాహ్నం మూసేస్తాడు. చిల్లర తీసుకెళ్లండి, ఫోన్ పే పెట్టలేదు. రెడ్డి రాజ్యాల చరిత్ర, ప్రకాశంగారిది బావ నాకే వదిలి పోయాడు. దర్గామిట్ట కతలు మాత్రం మళ్లీ పూణే పోయింది. డబ్బులు ఇంకా రాలేదు.