వాసన లేని తెల్ల జెల్లీ, కర్నూలు ఎండల్లో ఐదు వారాలు

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది వంద రూపాయల లోపు దొరికే తెల్ల పెట్రోలియం జెల్లీని. ఏ కంపెనీ తయారు చేసినా మన ఇళ్లలో దాన్ని వాజలీన్ అనే పిలుస్తారు. చలికాలంలో పెదవులకు, పెద్దవాళ్ల మడమల పగుళ్లకు తప్ప ముఖానికి పనికివచ్చే వస్తువుగా ఎవరూ లెక్కపెట్టరు; మొన్నటి ఏప్రిల్ వరకు నేనూ లెక్కపెట్టలేదు.

చెల్లెలి పెళ్లి మే నెల రెండో వారంలో ఉందని ఫిబ్రవరి నుంచే నా ముఖానికి మెరుగులు దిద్దడం మొదలుపెట్టాను. పొద్దున సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, దాని మీద విటమిన్ సి సీరమ్, రాత్రి ఒకనాడు గ్లైకాలిక్ యాసిడ్, మరునాడు రెటినాల్ అనే విటమిన్ ఎ రకపు పూత, ఆదివారం వస్తే స్క్రబ్. ఇవి చాలవన్నట్లు మార్చి చివర్లో ఒక బ్యూటీ పార్లర్‌లో కెమికల్ పీల్, అంటే యాసిడ్ పూసి పైచర్మాన్ని ఊడదీయడం, కూడా చేయించుకున్నాను. ఇంట్లో ఏమేమి వాడుతున్నారని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడో రోజుకు బుగ్గలు ఎర్రబడి బిగుసుకుపోయాయి, ముక్కు పక్కల పొలుసులు లేచాయి, ఉత్త నీళ్లు తగిలినా మంట పుట్టేది. స్కూటీ మీద నంద్యాల చెక్‌పోస్టు చేరేలోపు కణతల నుంచి జారిన చెమట ఏ దారిన పోయిందో ఆ దారంతా వాత పెట్టినట్లు మండేది. అమ్మ చూసి, "మొగమంతా కాల్చుకున్నట్లుంది గదే, ఏం పూసినావు?" అని అడిగితే, ఐదు పేర్లు చెప్పవలసి వచ్చింది.

ఆ ఐదింటినీ సంచిలో వేసుకుని గాయత్రి ఎస్టేట్‌లో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె వాటిని బల్ల మీద వరుసగా పెట్టించి, వాటి గురించి కాక ముందుగా వేరే ప్రశ్న వేశారు: మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లబరిచే ట్యూబు ఏదైనా పూశారా? స్టెరాయిడ్ కలిసిన అటువంటి పూతమందులను నెలల తరబడి ముఖానికి వాడితే చర్మం పలచబడుతుందని, ఉన్నట్టుండి మానేస్తే ఎరుపూ మంటా రెట్టింపై తిరగబడతాయని, అది వేరే వైద్యం కావలసిన విషయమని వివరించారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి వైద్యుల చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించినా, అడిగినవారికి అడిగినట్లు దొరకడం మనం చూస్తున్నదే. నేను అది వాడలేదని తేలిన తరువాత ఆమె చెప్పింది రెండు మాటలే. ఉన్నవన్నీ ఆపేయాలి, రాత్రిపూట తడి ముఖానికి తెల్ల జెల్లీ పలచగా రాయాలి. రెండు వందల రూపాయల ఫీజుకు ఇంతేనా అని ఆ పూట అనిపించిన మాట నిజం.

ఆ సలహా వెనుక ఉన్న సంగతి మన బేతంచెర్ల బండల ఇళ్లలో పెరిగినవారికి వెంటనే అర్థమవుతుంది. చర్మం పైపొరలో మృతకణాలు బండల్లా పరుచుకుని ఉంటే, వాటి సందుల్లో సెరామైడ్లు అనే కొవ్వు పదార్థాలు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సిమెంటులా కూరుకుని లోపలి తేమను బయటికి, బయటి దుమ్మును లోపలికి పోనీయకుండా కాపలా కాస్తాయి. నేల తళతళలాడాలని వారం వారం యాసిడ్ పోసి కడిగితే బండ నునుపు పోయి, సందుల్లోని సిమెంటు తినేసి, పోసిన నీళ్లన్నీ కిందికి ఇంకినట్లే, నా ముఖం మీదా జరిగింది. కొత్త సిమెంటును చర్మమే తయారు చేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. జెల్లీ ఆ పని చేయదు. తడి నేల మీద గోనెపట్టా పరిచినట్లు పైన కప్పుకుని ఉండి, అంతవరకు తేమ ఆవిరైపోకుండా ఆపుతుంది. అందుకే పొడి ముఖానికి రాస్తే ప్రయోజనం తక్కువ. అది తేమను నిలుపుతుందే తప్ప ఇవ్వదు.

ఈ జెల్లీ పుట్టుక కూడా గాయాల దగ్గరే. అమెరికాలోని పెన్సిల్వేనియా చమురు బావుల్లో పంపు కడ్డీలకు పేరుకునే మైనం లాంటి మడ్డిని కూలీలు తెగిన చోట, కాలిన చోట పూసుకోవడం రాబర్ట్ చీస్‌బ్రో అనే రసాయన శాస్త్రజ్ఞుడు గమనించి, దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు.

కొనేటప్పుడు ఒక్క విషయం చూడాలి. అంగడిలో గులాబీ వాసనవి, కలబంద కలిపినవి, కోకో బటర్‌వి చాలా ఉన్నాయి. మంట మీదున్న చర్మానికి ఆ వాసన ద్రవ్యాలే మళ్లీ శత్రువులు. డబ్బా వెనుక వైట్ పెట్రోలియం జెల్లీ అన్న ఒక్క పేరు, పక్కన ఐ.పి. అన్న అక్షరాలు మాత్రమే ఉన్నదాన్ని తీసుకున్నాను. ఆ అక్షరాలు భారతీయ ఔషధ ప్రమాణానికి గుర్తు.

వాడిన పద్ధతి ఇది. పొద్దున ఉత్త నీళ్లతోనే ముఖం కడుక్కున్నాను, అదీ సుంకేసుల బ్యారేజీ నుంచి వచ్చే కుళాయి నీళ్లతోనే. మా బోరు నీళ్లు ఉప్పగా ఉండి, కడిగిన తరువాత ముఖం మరింత లాగేసేది. సబ్బు పూర్తిగా మానేశాను, ఎందుకంటే చర్మానిది కొద్దిపాటి ఆమ్ల స్వభావమైతే మామూలు సబ్బుది క్షార స్వభావం. రాత్రి ముఖం కడిగి, తువ్వాలుతో అద్ది, తడి ఆరకముందే శనగగింజంత జెల్లీని రెండు అరచేతుల మధ్య నలిపి బుగ్గలకు, ముక్కు పక్కలకు ఒత్తాను. రుద్దలేదు. పగటిపూట సన్‌స్క్రీన్ కూడా మండుతుండడంతో మొదటి మూడు వారాలు నూలు చున్నీ, గొడుగు తప్ప మరేమీ వాడలేదు.

మొదటి రాత్రే బిగుతు తగ్గింది. నీళ్లు తగిలినప్పటి మంట పదకొండో రోజుకు పోయింది. పొలుసులు మూడో వారం దాకా లేస్తూనే ఉన్నాయి, వాటిని గోటితో గిల్లకుండా ఉండడమే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం. ఎరుపు పూర్తిగా తగ్గడానికి ఐదు వారాలు పట్టింది. ఒక్క ముఖానికి రాత్రికి శనగగింజంత చొప్పున చిన్న డబ్బాలో సగం కూడా అయిపోలేదు. మిగిలిన సగం అమ్మ మడమలకు పోయింది.

ఇక లోపాలు. ఇది చలిదేశాల వస్తువు అన్న సంగతి కర్నూలు ఏప్రిల్ గుర్తుచేస్తూనే ఉంటుంది. నలభై డిగ్రీల ప్రాంతంలో ఇది కరగడం మొదలుపెడుతుంది కనుక, మధ్యాహ్నం మూత తీస్తే డబ్బాలో నూనె ఊగుతూ కనిపించేది. తెల్లవారుజామున చూస్తే మీద మీగడలా గట్టిపడి మధ్యలో గుంట పడి ఉండేది. చివరికి దాన్ని ఫ్రిజ్ తలుపులో, కొత్తిమీర డబ్బా పక్కన పెట్టాను. ఒకరోజు ఆత్రపడి పగలు కూడా రాసుకుని బయటికి వెళితే రోడ్డు మీది దుమ్మంతా ముఖానికి అతుక్కుంది, సాయంత్రానికి నుదుటి మీద చెమటకాయలు లేచాయి. కరెంటు పోయిన రాత్రి తుడిచేయడమే మేలు. దిండు గలీబుకు పట్టిన జిడ్డు వేడినీళ్లలో నానబెడితే గాని వదలలేదు, కణతల దగ్గరి వెంట్రుకలు నూనె పెట్టినట్లు అతుక్కునేవి. జిడ్డు ముఖం కలవారికి, మొటిమలు చీముపట్టి ఉన్నవారికి దీన్ని ముఖమంతా పూయమని నేను చెప్పలేను. రసి కారుతున్నా, వాపు ఉన్నా, స్టెరాయిడ్ ట్యూబు వాడి ఉన్నా డబ్బా కొనడానికి ముందు వైద్యులకు చూపించాలి.

పెళ్లికి మేకప్ వేయించుకోలేదు, కాటుక, బొట్టుతోనే సరిపెట్టాను. ఫోటోల్లో ఎడమ బుగ్గ మీద కొంచెం ఎరుపు కనిపిస్తుంది, తెలిసి చూస్తే తప్ప తెలియదు. ఆ తరువాత జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్‌ను ముందు చెవి వెనుక నాలుగు రోజులు రాసి చూసి ముఖానికి మొదలుపెట్టాను. మరొకటి ఏది చేర్చినా రెండు వారాలు ఆగి, ఒక్కొక్కటిగానే చేర్చమని వైద్యురాలు చెప్పారు. జూన్‌లో ఏది ముందు చేర్చాలా అని పాత సంచి విప్పితే, పన్నెండు వందలు పోసి కొన్న విటమిన్ సి సీరమ్ గాలి తగిలి చిక్కటి టీ డికాషన్ రంగుకు తిరిగిపోయి ఉంది.