బరంపురంలో ఆదివారపు చరిత్ర తరగతి: ఒక తండ్రి సమీక్ష

బరంపురంలో తెలుగు పిల్లల కోసం ఆదివారాలు నడిచే ఒక చరిత్ర తరగతికి మా అమ్మాయిని నాలుగు నెలలుగా పంపుతున్నాను. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో జాతి విభజనను చట్టవిరుద్ధం చేసిన తీర్పుపై ఇటీవల జరిగిన రెండు పాఠాలకు నేను కూడా హాజరయ్యాను.

నల్లజాతి పిల్లలకు వేరే బడి ఉన్నా సమానత్వానికి భంగం లేదన్న వాదనకు 1896 నాటి తీర్పు ఊతమివ్వగా, నాలుగు రాష్ట్రాల కేసులను కలిపి విచారించిన సుప్రీంకోర్టు 1954 మే 17న ఆ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చిందని ఉపాధ్యాయురాలు చక్కగా వివరించారు. అయితే నన్ను కదిలించింది వర్జీనియా రాష్ట్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కథ. తారు కాగితం కప్పిన పాకల్లో చదవలేక, 1951లో పదహారేళ్ల బార్బరా జాన్స్ తోటి విద్యార్థులతో సమ్మె చేయించింది. ఆ సమ్మె నుంచి పుట్టిన దావా కూడా ఈ కేసులలో ఒకటి. తీర్పు వచ్చాక కూడా కలిసి చదివించడం ఇష్టంలేని ఆ కౌంటీ పాలకులు 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ బడులనే మూసివేశారని విన్నప్పుడు గదిలో పిల్లలెవరూ మాట్లాడలేదు. ఒడియా మాధ్యమంలో చదివే మా అమ్మాయి ఇంటికి వస్తూ, "ఆ ఐదేళ్లూ ఆ పిల్లలు ఎక్కడ చదువుకున్నారు నాన్నా?" అని అడిగింది.

అమలుకు గడువు విధించని 1955 నాటి రెండో ఉత్తర్వును ఒక్క వాక్యంతో దాటవేయడం పెద్ద లోటు. పంచిన ప్రతులు ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని తెలుగులో ఇవ్వాలని నిర్వాహకులను కోరాను. నెలకు మూడు వందల రుసుము సమంజసమే కనుక మా అబ్బాయిని కూడా చేర్పిస్తున్నాను.